పొత్తికడుపు కొవ్వు చివరగా ఎందుకు కరుగుతుంది, దానికి ఏం చేయాలి

బరువు తగ్గించుకునే పనిలో కొన్ని వారాలు గడిపినవారిలో చాలామంది చెప్పే మాట ఒకటే: ముఖం చిక్కింది, చేతులు సన్నబడ్డాయి, దుస్తులు భుజాల దగ్గర వదులయ్యాయి, బొడ్డు కింద మడత మాత్రం అలాగే ఉంది. ఇక ఆ మడత మీద పగబట్టినట్టు రోజూ వందల కొద్దీ క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే పొట్ట వ్యాయామం) చేయడం, చెమట బెల్టు బిగించుకోవడం, రాత్రి భోజనం మానేయడం మొదలవుతాయి. క్రంచెస్ వల్ల కండరం గట్టిపడుతుంది, బెల్టు వల్ల ఒంట్లో నీరు పోతుంది, మానేసిన భోజనం చాలామందిలో మర్నాటి ఆకలిగా తిరిగొస్తుంది. మడత సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

దీనికి కారణం కొవ్వు ఖర్చయ్యే పద్ధతిలోనే ఉంది. కొవ్వు కణాల్లో నిల్వ ఉన్న ట్రైగ్లిజరైడ్లు, శరీరానికి శక్తి చాలనప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్ల సంకేతంతో విడిపోయి, కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి చేరతాయి. ఆ రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది కాబట్టి, పొట్ట కండరం పనిచేసినంత మాత్రాన పొట్ట మీది కొవ్వే దానికి ఇంధనం కావాలన్న నియమం లేదు. పైగా కొవ్వు కణాల మీద రెండు రకాల గ్రాహకాలు, అంటే ఆ హార్మోన్ల సంకేతాన్ని అందుకునే భాగాలు ఉంటాయి. బీటా రకం కొవ్వును విడుదల చేయిస్తుంది, ఆల్ఫా-2 రకం ఆ విడుదలను అడ్డుకుంటుంది. పొట్ట లోపల అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వుతో పోలిస్తే చర్మం కింది కొవ్వులో అడ్డుకునే రకం ప్రభావం ఎక్కువ. చేతికి పట్టుబడే మడత మొండిగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

టెన్నిస్ ఆటగాళ్ళ చేతులను 1971లో కొలిచినప్పుడు, రాకెట్ పట్టే చేయి లావుగా ఉన్నా, చర్మం కింది కొవ్వు మందం రెండు చేతుల్లోనూ దాదాపు సమానంగానే తేలింది. 2011లో వెలువడిన మరో అధ్యయనంలో 24 మందిలో కొందరి చేత 6 వారాల పాటు పొట్ట వ్యాయామాలు మాత్రమే చేయించారు. వారి పొట్ట కండరాల ఓర్పు పెరిగింది కానీ పొట్ట కొవ్వు తగ్గలేదు. కాబట్టి చేయవలసిన పని ఒళ్ళంతటి కొవ్వును నెమ్మదిగా తగ్గించడం, పొత్తికడుపు వంతు వచ్చేదాకా ఆపకుండా ఉండడం.

ముందు కొలత

పొత్తికడుపు ఎత్తుగా కనిపించడానికి కొవ్వు ఒక్కటే కారణం కాదు. ఉదయం చదునుగా ఉండి సాయంత్రానికి ఉబ్బే పొట్టలో గ్యాసు, మలబద్ధకం, ఉప్పు వల్ల నిలిచిన నీరు ఉండవచ్చు. కటి ముందుకు వంగే నిలబడే తీరు వల్ల సన్నని వారికి కూడా పొట్ట ముందుకు వస్తుంది. ప్రసవం తరువాత పొట్ట మధ్యలోని కండరాలు ఎడంగా మిగిలిపోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తల కొద్దిగా ఎత్తినప్పుడు, బొడ్డు గీత వెంట గట్టులాగా ఉబ్బినా, రెండు వేళ్ళకు మించిన వెడల్పున సందు తగిలినా, క్రంచెస్ జోలికి పోకుండా ముందు ఫిజియోథెరపిస్టును కలవాలి.

కొవ్వే అని తేలితే టేపు తీసుకోవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా గాలి వదిలిన తరువాత, టేపు చర్మానికి తాకుతూ నొక్కకుండా ఉండేలా చుట్టి చూడాలి. పొట్ట లోపలికి పీల్చి తీసిన కొలత ఎవరికీ పనికిరాదు. మనకు కావలసింది పొత్తికడుపు గనుక బొడ్డుకు నాలుగు వేళ్ళ కింద మరో కొలత కూడా రాసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నడుము చుట్టుకొలత పురుషులకు 94, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ఆరోగ్య ముప్పు పెరగడం మొదలవుతుంది. దక్షిణాసియా మూలాలున్న పురుషులకు ఈ హద్దును 90గా తీసుకుంటారు. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినకముందు కొలిస్తే చాలు. రోజూ కొలిస్తే కనిపించేది నీటి హెచ్చుతగ్గులే, వాటిని చూసి మనసు పాడుచేసుకోవడం అనవసరం.

ఆహారం

ఫలితంలో పెద్ద వాటా వంటింటిదే. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7700 కిలోక్యాలరీలు ఉంటాయి కాబట్టి, రోజుకు 400 తక్కువ తింటే కాగితం మీద ఒక కిలో తగ్గడానికి 19 రోజుల పైన పడుతుంది. నిజ జీవితంలో ఇంకొంచెం ఆలస్యమవుతుంది, ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుంది. ఆకలితో అలమటించేలా కోత పెట్టుకున్నవారు మూడో వారంలో వదిలేయడం మామూలే, కనుక 300 నుంచి 500 లోటు దగ్గర ఆగడమే తెలివైన పని.

ఆ లోటు ఎక్కడ దొరుకుతుందో చూడాలంటే నూనె సీసా పక్కన ఒక టేబుల్ స్పూను పెట్టుకోండి. రోజూ పోసే నూనెను ఒక వారం పాటు ముందు ఆ చెంచాలో పోసి, ఎన్ని చెంచాలో లెక్కపెట్టి, ఆ తరువాతే బాణలిలో వేయండి. ఒక్కో చెంచాలో సుమారు 120 కిలోక్యాలరీలు ఉంటాయి. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 150. సీసా నుంచి నేరుగా పోసే చేతికి రెండు చెంచాలకూ మూడు చెంచాలకూ తేడా తెలియదు, తెలియని ఆ ఒక్క చెంచా నడకలో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. తీపి పానీయాల సంగతి కూడా అంతే, తాగిన క్యాలరీలకు కడుపు నిండదు. మద్యంలో గ్రాముకు 7 కిలోక్యాలరీలు ఉండడమే కాక, శరీరం ముందు దాన్నే ఖర్చు చేయడానికి పూనుకుని కొవ్వును పక్కన పెడుతుంది.

తగ్గించడంతో పాటు పెంచవలసినవి రెండున్నాయి. మొదటిది మాంసకృత్తులు. కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల చొప్పున, అంటే 70 కిలోల వారు రోజుకు 84 నుంచి 112 గ్రాములు తింటే, తగ్గే బరువులో కండ పోకుండా నిలుస్తుంది, ఆకలీ అదుపులో ఉంటుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి కాబట్టి పప్పులు, పెరుగు, చేపలు, కోడిమాంసం వంటి వాటిలో ఏదో ఒకటి ప్రతి పూటా కంచంలో ఉండేలా చూసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన హద్దు దాటకూడదు. రెండోది పీచు. రోజుకు కనీసం 25 గ్రాములు అందాలంటే కూరగాయలు, పండ్లు, ముడి ధాన్యాలు ఇప్పుడు తింటున్న దానికంటే బాగా ఎక్కువ కావాలి. ఒక్కసారిగా పెంచితే పొట్ట ఉబ్బుతుంది, అందుకే రెండు మూడు వారాల మీద పెంచుకుంటూ నీళ్ళు కూడా ఎక్కువ తాగాలి.

వ్యాయామం

వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బరువు పని అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడిస్తే అది మధ్యస్థం. బరువు పనిలో స్క్వాట్లు, పుషప్‌లు, వంగి బరువును పొట్ట వైపు లాగడం, నేల మీది బరువును నడుము నిటారుగా ఉంచి ఎత్తడం చాలు. ఇవి నేరుగా పొట్ట కోసం కాకపోయినా, తక్కువ తింటున్న రోజుల్లో కండను కాపాడేవి ఇవే.

పొట్ట వ్యాయామాలు కొవ్వును కరిగించకపోయినా కొవ్వు తగ్గాక పొట్ట బిగువుగా కనిపించడానికి, నడుముకు ఊతమివ్వడానికి అవసరం. కింది పొట్ట కండరమంటూ విడిగా ఏదీ లేదు. పక్కటెముకల నుంచి కటి దాకా ఒకే కండరం సాగి ఉంటుంది. దాని కింది భాగానికి పని చెప్పాలంటే రివర్స్ క్రంచ్ మంచిది. వెల్లకిలా పడుకుని తొడలు నిలువుగా, మోకాళ్ళు మడిచి ఉంచండి. గాలి వదులుతూ, కాళ్ళను ఊపకుండా, తోక ఎముక నేల నుంచి మూడు వేళ్ళు లేచేంతవరకు కటిని ఛాతీ వైపు చుట్టండి. దించేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టండి. నడుముకూ నేలకూ మధ్య అరచేయి దూరే సందు ఏర్పడితే కాళ్ళు మరీ దూరం వెళ్ళాయని అర్థం. ఇలా పది చొప్పున రెండు విడతలు, పక్కన అరనిమిషం ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒంటిని నిటారుగా నిలిపి ఉంచడం), వారానికి మూడు రోజులు చాలు. నడుము నొప్పి ఉన్నవారు రెండు కాళ్ళనూ చాచి ఎత్తే వ్యాయామం జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

నిద్రను చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2010లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో, ఒకే రకంగా తక్కువ తింటున్న 10 మందికి రెండు వారాల పాటు పడుకునే సమయాన్ని ఎనిమిదిన్నర గంటల నుంచి ఐదున్నరకు తగ్గించినప్పుడు, బరువు ఇంచుమించు అంతే తగ్గినా అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయి, ఆ మేరకు కండ పోయింది.

ఇక కరిగిన కొవ్వు ఎటు పోతుందన్న ప్రశ్నకు 2014లో లెక్క కట్టిన జవాబు ఉంది: 10 కిలోల కొవ్వులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితోనే బయటికి వెళ్తాయి, మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. చెమట బెల్టు అమ్మేవారు ఈ లెక్క చెప్పరు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు ఆహారం తగ్గించే ముందు మోతాదు గురించి వైద్యుడితో మాట్లాడాలి. పొట్ట ఉన్నట్టుండి గట్టిగా పెరుగుతూ కాళ్ళు వాచినా, ఒళ్ళు చిక్కుతూ పొట్ట మాత్రమే పెరిగినా అది వ్యాయామంతో తీరే సమస్య కాదు, వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

నాలుగు వారాలు వరుసగా రెండు కొలతల్లోనూ మార్పు లేకపోతే, కొత్త వ్యాయామం వెతకడానికి ముందు చెంచాతో నూనె కొలిచే వారాన్ని మళ్ళీ ఒకసారి జరపండి, చేయి తిరిగి సీసా నుంచి నేరుగా పోయడం అలవాటు చేసుకుందేమో అక్కడే తెలుస్తుంది. నడుము కొలత తగ్గుతూ బొడ్డు కింది కొలత కదలకపోతే మాత్రం దేన్నీ మార్చవలసిన పని లేదు, దాని వంతు ఇంకా రాలేదంతే.