చెక్క లూర్ తయారీ – 3వ పాఠం: సీలింగ్, రంగు, పైపూత

రెండో పాఠం ముగిసేసరికి పండుగప్ప కోసం పొనికి చెక్కతో చేసిన 10 సెం.మీ. లూర్, అంటే చేపను ఆకర్షించే కృత్రిమ ఎర, సిద్ధమైంది. ముక్కు నుంచి తోక దాకా 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ, పొట్టలో సీసం, లిప్ (లాగినప్పుడు లూర్‌ను నీటిలో ఊగించే ముక్కు కింది పలక) కోసం కోసిన గాడి అన్నీ ఉన్నాయి. ఇక మిగిలింది రంగేగా అని నేరుగా బ్రష్ పట్టుకోకండి.

నాలుగుసార్లు నీళ్లలో తిరిగాక పొట్ట కింద వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే తప్పు రంగుది కాదు. తీగ బయటికొచ్చే చోటో, లిప్ గాడిలోనో నీరు దిగుతుంది. చెక్క ఉబ్బి పైపూతను చీలుస్తుంది. కొండపల్లి బొమ్మలకు పొనికిని కోరి వాడేది అది తేలిక, మెత్తన కాబట్టే. కానీ బొమ్మ అల్మరాలో ఉంటుంది, లూర్ నీళ్లలో ఉంటుంది. అందుకే ఈ పాఠంలో సగం సీలింగ్‌కే, అంటే చెక్కలోకి నీరు దిగకుండా మూసేయడానికే.

సీలింగ్

220 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 320తో రుద్ది దుమ్ము తుడవండి. ఇక్కడి నుంచి లూర్‌ను ఒట్టి చేత్తో తాకొద్దు, తీగ కొనను పట్టకారుతో పట్టుకోండి. వేళ్ల జిడ్డు ఉన్నచోట పూత నిలవక గుండ్రటి గుంటలు పడతాయి.

రెండు భాగాల పారదర్శక ఎపాక్సీ తీసుకోండి: రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్. డబ్బా మీద నిష్పత్తి బరువుకా, ఘనపరిమాణానికా అన్నది తప్పకుండా చదవండి, రెండూ ఒకటి కావు. బరువుకు 2:1 అయితే 6 గ్రా. రెజిన్‌కు 3 గ్రా. హార్డెనర్. ఒక్క లూర్‌కు ఇందులో మూడోవంతు కూడా పట్టదు. అయినా అంతకంటే తక్కువ కలిపితే త్రాసులో 0.2 గ్రా. తేడా కూడా నిష్పత్తిని చెడగొడుతుంది. మూడు లూర్లు ఒకేసారి పెట్టుకోవడం మేలు. చేతికి గ్లవుజులు వేసుకుని, కప్పు అంచులు, అడుగు గీకుతూ మూడు నిమిషాలు నిదానంగా కలపండి. గిలక్కొడితే బుడగలు వస్తాయి.

ఈ పని సాయంత్రం పెట్టుకోండి. చెక్క వేడెక్కుతుంటే లోపలి గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా బయటికొస్తుంది. చల్లారుతుంటే అదే గాలి కుంచించుకుని రెజిన్‌ను లోపలికి లాగుతుంది. కాబట్టి హెయిర్ డ్రయర్‌తో లూర్‌ను గోరువెచ్చగా చేసి, డ్రయర్ ఆపి, అప్పుడు పూయండి. ముందు తీగ రంధ్రాలు, లిప్ గాడి లోపలి గోడలు, ఆ తర్వాత ఒళ్లంతా పలచగా. పావుగంట తర్వాత మిగులు కనిపిస్తే గుడ్డతో తుడిచేయండి.

24 గంటల తర్వాత 400తో మెరుపు పోయేదాకా రుద్దండి. తెల్లటి దుమ్ము రాకుండా బంకలా సాగితే ఇంకా ఆరలేదన్నమాట, ఆగండి. తర్వాత గాలాలు తాత్కాలికంగా తగిలించి బకెట్లో వేసి చూడండి. పక్కకు ఒరిగితే సీసం సరిచేయడానికి ఇదే ఆఖరి అవకాశం. సరిచేసిన చోట మళ్లీ సీల్ చేయాలి.

లిప్

1.5 మి.మీ. పాలికార్బొనేట్ లిప్‌ను ఎపాక్సీతోనే అతికించండి. సూపర్ గ్లూ ఆవిరికి లిప్ మీద తెల్లటి పొగ పడుతుంది. అసిటోన్‌తో తుడిస్తే సన్నటి పగుళ్లే వస్తాయి. ముందు నుంచి చూస్తూ లిప్ రెండు వైపులా సమంగా ఉందో లేదో సరిచూసుకుని, అతుకు ఆరాక రంగు అంటకుండా లిప్‌కు టేపు చుట్టండి.

రంగు

నీటిలో కలిసే యాక్రిలిక్ చాలు. అడుగున తెలుపు, రెండు పలచటి పూతలు. తెలుపు లేకపోతే పసుపు, వెండి రంగులు మురికిగా కనిపిస్తాయి. ఎయిర్ బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) ఉంటే రంగును పాలంత పలచగా చేసి, మేజోడు గుడ్డలో వడకట్టి, 20–25 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర కొట్టండి. ప్రతి పూతనూ డ్రయర్‌తో ఆరబెట్టాకే తర్వాతిది.

పొట్ట తెల్లగా ఉంచి, పక్కలకు వెండి, వీపుకు ముదురు రంగు. చిన్న పరిగెలు కూడా అలాగే ఉంటాయి. పొలుసులు కావాలంటే దోమతెర ముక్కను బిగుతుగా చుట్టి, వీపు మీద క్లిప్పులు పెట్టి, పక్కల మీద ముదురు రంగు పలచగా కొట్టండి. తెరను లాగకుండా పైకెత్తి తీయండి, జారితే గీతలన్నీ అలుక్కుపోతాయి. నిజానికి బురదనీటిలో పొలుసులు చూసేది మీరే, చేప కాదు. గోదావరి పాయల్లో నీరు మసకగా ఉన్నప్పుడు బంగారు పక్కలు, నల్లటి వీపు చాలు. కళ్లు పైపూతకు ముందే అతికించండి.

పైపూత

మళ్లీ అదే ఎపాక్సీ, ఈసారి కాస్త మందంగా. పూసి వేలాడదీస్తే తోక దగ్గర బొట్టు కడుతుంది. లూర్ అడ్డంగా తిరుగుతూ ఆరాలి. పాత మైక్రోవేవ్‌లో పళ్లాన్ని తిప్పే మోటారు నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, అది సరిపోతుంది. దాని మీద రాసిన వోల్టేజీ చూడండి. కొన్ని 220 వోల్టులవి, కొన్ని 21 వోల్టులవే. 220ది అయితే వైరింగ్ తెలిసినవాళ్లతో కట్టించుకోండి. స్విచ్ వేసిన ప్రతిసారీ ఒకే దిక్కుకు తిరగకపోవచ్చు, దానివల్ల నష్టం లేదు.

తీగ కొక్కేల్లో నిండిన ఎపాక్సీని పచ్చిగా ఉన్నప్పుడే అగ్గిపుల్లతో తీసేయండి. గట్టిపడ్డాక డ్రిల్ పెడితే చుట్టూ పూత పగులుతుంది, అంటే నీటికి మీరే దారి ఇచ్చినట్టు. లిప్ మీది టేపునూ పచ్చిగానే ఒలిచేయండి.

రోజులు గడిచినా జిగురుగానే ఉంటే కొలతో, కలపడమో తప్పింది. ఎన్నాళ్లు ఆరబెట్టినా అది గట్టిపడదు, గీకేసి మళ్లీ పూయాలి. వానాకాలం తేమకు పైన మైనంలాంటి తెల్లటి పొర వస్తే మాత్రం కంగారు వద్దు: సబ్బునీళ్లతో కడిగి, 400తో రుద్ది, ఇంకో పలచటి పూత. ఎండలో వేలాడదీస్తే తెల్లటి పొట్ట పసుపెక్కుతుంది.

గట్టిపడినట్టే అనిపించినా వారం దాకా గాలాలు తగిలించొద్దు. పూత ఇంకా మెత్తగా ఉంటే గాలం ముళ్లు గీతలు పెడతాయి. ఈలోగా మెత్తటి రబ్బరు ఎరలున్న పెట్టెలో దీన్ని పడేయకండి, వాటిలోని నూనె రంగును కరిగిస్తుంది. నాలుగో పాఠంలో నీటిలో లాగి చూసి, పక్కకు పరుగెత్తే లూర్‌ను ముక్కు కొక్కెం వంచి దారికి తెద్దాం. పట్టకారు దగ్గర ఉంచుకోండి.