పాస్‌వర్డ్ కరెక్టే అయినా ఉబుంటు బయటికి తోసేస్తా ఉందా?
తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ పక్క రూముల్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ బదులు వేసుకునే లినక్స్ సిస్టమ్) వేసుకున్న పిల్లోళ్లకి చెప్తా ఉండా, పాస్‌వర్డ్ కొట్టంగానే స్క్రీన్ అట్ల మెరిసి మళ్లీ లాగిన్‌కే వచ్చేస్తా ఉంటే వెంటనే ఫార్మాట్‌కి ఇచ్చేయొద్దండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల స్క్రీన్ వస్తుంది, అక్కడ లాగిన్ అవ్వండి (పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనపడవు, కంగారొద్దు), డీఎఫ్ (df, డిస్క్ ఎంత నిండిందో చూపించే) కమాండ్ కొట్టి చూస్తే డిస్క్ 100% నిండిపోయుంటే అదే రోగం, డౌన్‌లోడ్స్‌లో పడున్న సినిమాలు లేపేయండి. స్పేస్ ఉన్నా ఇట్లే ఉంటే హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ (.Xauthority) ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూడండి, రూట్ (root, సిస్టమ్ అడ్మిన్) అని ఉంటే సుడోతో (sudo, అడ్మిన్ పవర్‌తో కమాండ్ నడిపేది) చౌన్ (chown, ఫైల్ ఓనర్‌ని మార్చే కమాండ్) కొట్టి మీ యూజర్ పేరుకి మార్చేయండి. ప్రతిదానికీ సుడో పెట్టి యాప్స్ తెరిచేవాళ్లకే ఎక్కువ వస్తాది ఇది. తర్వాత రీస్టార్ట్ చేసుకోండి.