షుగర్ కాంప్లికేషన్ల చార్ట్ కోడ్ చేసే ముందు జాగ్రత్తలు

ఐసీడీ-10-సీఎంలో (రోగి చార్ట్‌లోని జబ్బులకు కోడ్‌లు వేసే అమెరికా పద్ధతి) మొదట షుగర్ రకం చూడండి. డాక్టర్ రకం రాయకపోతే టైప్ 2గా, అంటే ఇ11 కిందే తీసుకోవాలి. ఇన్సులిన్ వాడుతున్నారు కదా అని టైప్ 1 అనుకోకండి, చాలామంది తడబడేది ఇక్కడే. ఎప్పుడూ ఇన్సులిన్ వాడేవారైతే జెడ్79.4 (దీర్ఘకాలంగా ఇన్సులిన్ వాడకం) కలపాలి, షుగర్ దించడానికి ఆ ఒక్కసారి ఇస్తే వద్దు.

చార్ట్‌లో షుగర్, కిడ్నీ జబ్బు (సీకేడీ) రెండూ ఉంటే, సంబంధం లేదనో వేరే కారణమనో డాక్టర్ స్పష్టంగా రాయనంతవరకు వాటిని కలిపే కోడ్ చేయాలి. స్టేజ్ 4 అయితే ముందు ఇ11.22 (టైప్ 2 షుగర్‌తో సీకేడీ), వెంటనే ఎన్18.4 (సీకేడీ స్టేజ్ 4). ఆ రెండోది మర్చిపోతే జబ్బు ఎంత ముదిరిందో రికార్డులో కనిపించదు.

కాలి పుండుకి ఇ11.621 ఒక్కటే చాలదు. పుండు వివరాలు చెప్పే ఎల్97 కోడ్ కూడా వేయాలి, దానికోసం ఏ కాలు, ఎక్కడ, ఎంత లోతు అన్నది నోట్‌లో వెతకండి. మడమా, వేళ్లా? చర్మం వరకేనా, కొవ్వు బయటపడిందా?

‘అన్‌కంట్రోల్డ్’ అని మాత్రమే ఉంటే ఆగండి. షుగర్ పెరిగిందా, పడిపోయిందా అని డాక్టర్‌ని అడగాలి, ఊహించకూడదు.

కాంప్లికేషన్ కోడ్ వేశాక ఇ11.9 (కాంప్లికేషన్లు లేని టైప్ 2) ఉండిపోతే తీసేయండి.