వాలు కప్పు కారుతోందా, తుప్పు పడుతోందా? వైజాగ్ ఇళ్లకు సమస్య - పరిష్కారం

కప్పు కారగానే మన ఊళ్లో వినిపించే మొదటి మాట "రేకులు మార్చేద్దాం". చాలా ఇళ్లలో తప్పు రేకుది కాదు. దాన్ని పట్టుకున్న స్క్రూది, కోసిన మిషన్‌ది, లేదా చాలని వాలుది. అది తేలకుండా కొత్త సరుకు వేస్తే పాత సమస్యే కొత్త రేటుకి వస్తుంది.

స్క్రూ తలల దగ్గర ఎర్రటి చారలు

రేకు బాగానే ఉంటుంది, స్క్రూ నుంచి మాత్రం తుప్పు చార కిందికి దిగుతుంది. జాలారిపేట, భీమిలి వైపు ఇది మామూలే. పల్చటి జింకు పూత ఉప్పు గాలికి ఆగదు, ఎండకి వాషర్ పగిలి నీళ్లు రంధ్రంలోకి దిగుతాయి. రేకు గట్టిగా ఉంటే స్క్రూలే మార్చండి. తీర ప్రాంతానికని చెప్పి అమ్మే పూతవి, ఈపీడీఎం రబ్బరు వాషర్‌తో, ఒక సైజు లావువి తీసుకోండి. తుప్పు పట్టదు కదా అని గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిపిన పూత ఉన్న ఉక్కు) రేకుకి స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించేవాళ్లున్నారు. ఉప్పు తడిలో ఆ రెండూ కలిస్తే స్క్రూ చుట్టూ రేకునే తుప్పు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ అల్యూమినియం రేకుకి పనికొస్తుంది.

కొత్త రేకు నిండా గోధుమరంగు చుక్కలు

రెండు వానలకే ఇలా కనిపిస్తే సముద్రాన్ని తిట్టకండి. వెల్డర్ రేకుని కప్పు మీదే గ్రైండర్‌తో కోసి ఉంటాడు. ఎగిరిన నిప్పురవ్వలు ఇనుప రజనుగా పెయింట్‌లో అతుక్కుని తుప్పు పడతాయి, కోసిన అంచున పూత కాలిపోతుంది. మెత్తటి గుడ్డతో, నీళ్లతో రజను తుడిచి, అంచులకి టచప్ పెయింట్ వేయండి. ఇకపై కత్తెరతోనో, రేకుని కొరికి కోసే నిబ్లర్‌తోనో కోయమని పని మొదలయ్యే ముందే చెప్పండి.

చూరు కింద తుప్పు, పైన ఏమీ లేదు

పైభాగాన్ని వాన కడుగుతుంది, చూరు కింద పేరుకున్న ఉప్పుని ఎవరూ కడగరు. వానల్లేని నెలల్లో అప్పుడప్పుడు పైపుతో మంచినీళ్లు కొట్టాలి. అంతే.

పెంకు పగల్లేదు, అయినా జల్లుకి కారుతోంది

ఇది అక్టోబరు, నవంబరు వాయుగుండాల ఫిర్యాదు. నిలువు వానకి కారని కప్పు గాలివానకి కారితే ముందు వాలు కొలవండి. మంగుళూరు పెంకుకి చూరు నుంచి కొప్పు (కప్పు పై అంచు) దాకా పది అడుగుల అడ్డ దూరానికి సుమారు ఐదు అడుగుల ఎత్తు ఉండాలి. అంతకంటే తక్కువైతే గాలి నీటిని పెంకు సందుల్లోంచి పైకి తోస్తుంది. వాలు సరిగ్గా ఉండీ కారితే రీపర్ల (పెంకులు ఆనే బద్దల) కింద వాటర్‌ప్రూఫ్ షీట్ పరిపించండి. కొప్పు పెంకుల దగ్గర సిమెంటు బీటలు వారిందేమో కూడా చూడండి, సగం కారుడు అక్కడిదే.

గాలికి అంచులు లేస్తున్నాయి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చూశాం కదా. ఇళ్ల డిజైన్‌కి వైజాగ్‌లో తీసుకోవాల్సిన గాలి వేగం ఐఎస్ 875 అనే భారత ప్రమాణం ప్రకారం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. గాలి కప్పుని నొక్కడం కన్నా పైకి లాగడమే ఎక్కువ, అదీ చూరు, కొప్పు, మూలల దగ్గర. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, పెంకులైతే వెనక రంధ్రంలోంచి తీగతో రీపరుకి కట్టాలి. చూరు ఒకటిన్నర అడుగు దాటనివ్వకండి. పర్లిన్లు (రేకులు ఆనే అడ్డ దూలాలు) గోడకి బోల్టులతో బిగించకపోతే రేకెంత గట్టిదైనా కప్పు మొత్తం లేస్తుంది.

వాన లేకున్నా తెల్లారేసరికి బొట్లు

కారడం కాదు, చెమ్మ. కొప్పు దగ్గర గాలి బయటికి పోయే దారి పెడితే తగ్గుతుంది.

ఇవన్నీ చూశాక కూడా మార్చక తప్పదంటే, సముద్రానికి దగ్గరైతే పెంకులుగానీ అల్యూమినియం రేకుగానీ మంచిది. పెంకుల బరువు చదరపు మీటరుకి 40 కిలోల పైమాటే, ఉక్కు రేకు సుమారు ఐదు కిలోలు. రేకుల ఫ్రేమ్ మీద పెంకులు వేస్తామంటే ఇంజనీర్‌కి చూపించాల్సిందే. అల్యూమినియం ఇనుప పర్లిన్‌కి నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు టేపు పెట్టించండి. పెందుర్తి, సింహాచలం వైపు లోపలికున్న ఇళ్లకి రంగు వేసిన గాల్వాల్యూమ్ సరిపోతుంది. పూత ఏజెడ్ 150 (చదరపు మీటరుకి 150 గ్రాముల పూత) అని బిల్లులో రాయించుకోండి. షాపులో 0.5 ఎంఎం అంటే అది పెయింట్ కలిపిన మందమా, ఒట్టి ఉక్కు మందమా అని కూడా అడగండి.