యాప్‌లో ఎంగేజ్‌మెంట్ ప్లగిన్ (యూజర్లు ఏం చేస్తున్నారో గమనించి వాళ్లకు మెసేజ్‌లు పంపే రెడీమేడ్ కోడ్) కలిపే ముందు చూసుకోవాల్సినవి

- ఈవెంట్ల (యాప్‌లో యూజర్ చేసే ఒక్కో పని) పేర్లు ముందే ఒక షీట్‌లో ఖాయం చేసుకోండి. ఆండ్రాయిడ్ టీమ్ ఒక పేరు, ఐఓఎస్ టీమ్ ఇంకో పేరు పెడితే ఒకే పని రెండుగా కనిపిస్తుంది. ఫైర్‌బేస్‌లో (యాప్‌ల కోసం గూగుల్ ఇచ్చే సేవ) పేరు 40 అక్షరాలు దాటకూడదు, ఈవెంట్‌కు పారామీటర్లు (దానితో పాటు పంపే వివరాలు) 25 మించకూడదు.

- ఈవెంట్ ప్లగిన్‌కు నేరుగా వెళ్తోందా, అనలిటిక్స్ (వాడకాన్ని లెక్కించే టూల్) ద్వారానా? రెండు దారులూ తెరిచి ఉంటే లెక్క డబుల్ అవుతుంది.

- ఫోన్ నంబర్‌ను యూజర్ ఐడీగా వాడొద్దు. లాగౌట్‌లో ఐడీ రీసెట్ చేయండి. లేదంటే ఒకే ఫోన్ వాడే ఇద్దరి డేటా కలిసిపోతుంది, తర్వాత విడదీయడం నరకం.

- అసలు తలనొప్పి పుష్ నోటిఫికేషన్ల దగ్గరే. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌బేస్ మెసేజ్ యాప్‌లోని ఒక్క సర్వీస్‌కే (మెసేజ్ అందుకునే కోడ్) చేరుతుంది. యాప్‌లో ఇప్పటికే ఒకటి ఉండగా ప్లగిన్ తనదీ పెడితే, రెండింట్లో ఒకటి మూగబోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. మీ సర్వీస్‌నే ఉంచి, మెసేజ్‌నూ కొత్త టోకెన్‌నూ (మెసేజ్ ఏ ఫోన్‌లోని యాప్‌కు వెళ్లాలో చెప్పే గుర్తు) అక్కడి నుంచి ప్లగిన్‌కు అందించండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ అనుమతి అడగాలి. యాప్ తెరవగానే మాత్రం అడగకండి.

- యూజర్ ఒప్పుకోకముందే డేటా వెళ్తోందేమో నెట్‌వర్క్ లాగ్‌లో చూడండి.

- ప్లగిన్‌కు ఇచ్చే టెస్ట్ కీ (పరీక్షకు వాడే కోడ్), లైవ్ కీ (అసలు యూజర్లకు వాడేది) వేరుగా ఉంచండి.