పాప ఏ వేళకు ఏడుస్తోంది? గ్యాసేనా కాదా తేల్చుకునే దారి

మా పాపకు మూడో వారం దాటగానే ఏడుపు మొదలైంది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, మొహం ఎర్రగా కందిపోయి, గుక్కపట్టి ఏడ్చేది. "గ్యాసే, ఇంకేముంది" అంది నంద్యాల నుంచి వచ్చిన మా అమ్మ. బెంగళూరు మారతహళ్ళిలో మా కింది ఇంటి కన్నడ అజ్జి కూడా అదే అంది, మందుల షాపు అబ్బాయీ అదే అన్నాడు. వారం తిరక్కుండానే ఇంట్లోకి మూడు సీసాలు, ఒక వసకొమ్ము, ఇంగువ డబ్బా వచ్చి చేరాయి. ఏడుపు మాత్రం తగ్గలేదు.

ఆరో వారం టీకాకు వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరమ్మ ఆ సీసాలన్నీ చూసి పక్కన పెట్టేశారు. "పాలు తాగేటప్పుడు ఏడుస్తోందా, తాగాకా, దొడ్డికి ముందా, సాయంత్రం పూటేనా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచే గోడకున్న తెలుగు క్యాలెండర్ గళ్ళలో రాయడం మొదలుపెట్టాను. పాలు ఎప్పుడు తాగింది, ఏడుపు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఏడ్చింది, దొడ్డి ఎలా ఉంది, ఇంతే. నాలుగు రోజుల్లో సగం సంగతి తేలిపోయింది. మీరూ ముందు ఆ పని చేయండి. కింద రాసినదంతా ఆ వేళలను బట్టి రాసిందే.

అన్నిటికంటే ముందు: ఇవి ఉంటే గ్యాస్ అనుకోకండి

మూడు నెలలలోపు పిల్లకు ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకు మించి గానీ కాలితే, వాంతి ఆకుపచ్చగా అయితే, తాగిన పాలు ప్రతిసారీ దూరంగా ఎగజిమ్మితే, దొడ్డిలో రక్తం గానీ ఎర్రటి జిగురు గానీ కనిపిస్తే, పొట్ట బిర్రుగా రాయిలా ఉంటే, గజ్జల్లో గట్టి ఉబ్బు కనిపిస్తే, పాలు వద్దని మగతగా పడి ఉంటే ఇంటి వైద్యం ఏదీ వద్దు. అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరండి. మొదటి వారం దాటిన పిల్ల రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. అది బాగా తగ్గినా ఆగకూడదు. బెంగళూరులో నిమ్హాన్స్ దగ్గరున్న ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి. అంబులెన్సుకు 108. మన వైపు ట్రాఫిక్ సంగతి తెలిసిందే కాబట్టి, ఇంటికి దగ్గర్లో రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో పాప పుట్టిన వారంలోనే కనుక్కుని పెట్టుకోండి.

ఇంకొక్కటి. ఉన్నట్టుండి ఆగకుండా ఏడుస్తుంటే బట్టలన్నీ విప్పి, కాలివేళ్ళు, చేతివేళ్ళు ఒక్కొక్కటీ చూడండి. బాలింతలకు జుట్టు బాగా రాలుతుంది. ఒక్క వెంట్రుక సాక్సులో ఇరుక్కుని పాప వేలికి బిగుసుకుంటే వేలు వాచి నల్లబడేదాకా వెళ్తుంది.

పాలు తాగుతూనే విదిలించుకుని ఏడిస్తే

గాలి లోపలికి పోయేది ఎక్కువగా ఇక్కడే. చంటిపిల్ల కడుపులో గాలి చాలావరకు బయటి నుంచి మింగిందే. కాబట్టి మింగే చోట సరిచేస్తే పేగుల దగ్గర చేయాల్సిన పని తగ్గిపోతుంది.

తాగేటప్పుడు టిక్కు టిక్కుమని నాలుక చప్పుడు వస్తోందా? బుగ్గలు లోపలికి గుంటలు పడుతున్నాయా? మీకు చనుమొన నొప్పి పుడుతోందా? అయితే పట్టు సరిగ్గా లేదు. పాప చనుమొన ఒక్కటే పట్టుకుని లాగుతోంది, పక్కల నుంచి గాలి పోతోంది. చిటికెనవేలు పాప నోటి మూలలో పెట్టి పట్టు విడిపించండి. పాప పొట్ట మీ పొట్టకు ఆనేలా, తల, వీపు, నడుము ఒకే వరసలో ఉండేలా తిప్పుకోండి. మెడ పక్కకు తిప్పి ఒక గ్లాసు నీళ్ళు తాగి చూడండి, పాప కష్టం తెలుస్తుంది. ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరకు లాక్కోండి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. గడ్డం చన్నుకు ఆనాలి, కింది పెదవి బయటికి విప్పారి ఉండాలి. మా ఇంట్లో తేడా తెచ్చింది ఈ ఒక్క మార్పే. మూడు సీసాలూ చేయలేని పని ఇది చేసింది.

పట్టు బాగానే ఉన్నా పాలు చేపుకొచ్చే ఉధృతికి పాప తట్టుకోలేక దగ్గి, పొలమారి, చన్ను వదిలేసి ఏడుస్తుంటే అది వేరే సంగతి. మొదటి ధారను ఒక గుడ్డలోకి పోనిచ్చి, వేగం తగ్గాక పట్టించండి. లేదా మీరు వెనక్కి వాలి, పాపను మీ మీద బోర్లా పెట్టుకుని ఇవ్వండి. దొడ్డి ఆకుపచ్చగా నురగలా అవుతూ, మీకు పాలు ఎక్కువగా పడుతుంటే, ఒక వైపు పూర్తిగా తాగనిచ్చాకే రెండో వైపు మార్చండి. మధ్యలో మారిస్తే రెండు వైపులా ముందు వచ్చే పల్చటి పాలే తాగుతుంది. ఆ పాలలోని చక్కెర ఒక్కసారిగా ఎక్కువైతే పేగుల్లో పులిసి గాలి పుడుతుంది.

సీసాతో తాగే పిల్లకయితే పీక రంధ్రం చూడండి. సీసా తలకిందులు చేస్తే పాలు చుక్కలు చుక్కలుగా పడాలి, ధార కట్టకూడదు. పొడి కలిపి గిలక్కొడితే నురగ వస్తుంది. ఆ నురగ అంతా గాలే. అది దిగేదాకా ఆగండి. పాపను సగం కూర్చున్నట్టు పట్టుకుని, సీసాను మరీ నిలువుగా ఎత్తకుండా, పీక నిండా పాలు ఉండేంత వంచండి. మధ్యలో రెండు మూడుసార్లు ఆపండి. డబ్బా మీద రాసిన కొలత మాత్రం మార్చకండి. పల్చగా కలిపితే గ్యాస్ తగ్గుతుందన్న మాట తప్పు, పైగా పిల్లకు ప్రమాదం.

మరొకటి, ఏడుపు మొదలయ్యేదాకా పాలు ఇవ్వకుండా ఆగొద్దు. చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం కనిపిస్తే చాలు. గుక్కపట్టి ఏడ్చిన పిల్ల పాలకంటే ముందు గాలి మింగుతుంది.

తాగిన అరగంటలో మెలికలు తిరిగితే

భుజం మీద వేసుకుని, పాప పొట్ట మీ భుజానికి ఆనేలా, వీపు మీద అరచేత్తో మెల్లగా తట్టండి. ఐదు పది నిమిషాల్లో తేన్పు రాకపోతే వదిలేయండి. తేన్పు రాలేదని అర్ధరాత్రి గంటసేపు కొడుతూ కూర్చునే ఇళ్ళు చూశాను. చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో 71 మంది తల్లీబిడ్డలను గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తేన్పు తెప్పించడం వల్ల సాయంత్రపు ఏడుపు తగ్గలేదు, పాలు కక్కడం పెరిగింది. నేనైతే ఇప్పటికీ కాసేపు భుజాన వేసుకోమనే చెబుతాను, పిల్లకు ఆ పట్టు హాయిగా ఉంటుంది కాబట్టి. రాకపోతే మాత్రం బెంగ వద్దు.

పొట్ట మర్దనా చేసేది తాగిన వెంటనే కాదు, కనీసం అరగంట ఆగాక. అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకోండి, డిసెంబరు బెంగళూరులో ఇది మరవకూడదు. రెండు చుక్కల కొబ్బరినూనె చాలు. పాప మీకు ఎదురుగా వెల్లకిలా ఉండగా, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా రాయండి. పెద్దపేగు పాప కుడి పక్క కింద మొదలై పైకెళ్ళి, అడ్డంగా సాగి, ఎడమ పక్క నుంచి కిందికి దిగుతుంది. గాలి కదిలే దారి అదే. తర్వాత మోకాళ్ళు రెండూ మడిచి పొట్టకు ఆనించి పది లెక్కపెట్టి వదలండి, సైకిలు తొక్కించినట్టు కాళ్ళు తిప్పండి. లాల పోసేటప్పుడు పెద్దవాళ్ళు కాళ్ళ మీద వేసుకుని చేసేది కూడా ఇదే, మా అమ్మ చేతికి బాగా తెలిసిన పని. ముక్కులో నూనె చుక్కలు వేయడం ఒక్కటి మాన్పించండి. అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. బొడ్డు ఊడి మానేదాకా ఆ చోట నూనె కూడా తగలనివ్వకండి.

దొడ్డికి ముందు ముక్కి ముక్కి ఏడిస్తే

పది నిమిషాలో ఇరవై నిమిషాలో ఎర్రబడి, ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తటి దొడ్డి అయితే అది మలబద్ధకం కాదు, గ్యాసూ కాదు. పొట్ట బిగించి, అదే సమయంలో కింద వదులు చేయడం పిల్లకు ఇంకా రాలేదు. కొన్ని వారాల్లో అదే నేర్చుకుంటుంది. తమలపాకు కాడ, సబ్బు ముక్క, థర్మామీటర్ లాంటివి పెట్టి తెప్పించడం మన ఇళ్ళలో మామూలు. లోపల గాయమవుతుంది, పైగా పిల్ల తనంతట తాను నేర్చుకోవడం వెనకబడుతుంది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్ల నెలన్నర దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం కూడా దొడ్డికి వెళ్ళకపోవచ్చు. పొట్ట మెత్తగా ఉండి, పాలు తాగుతూ, వెళ్ళినప్పుడు మెత్తగా వెళ్తే ఫరవాలేదు.

సాయంత్రం మాత్రమే, గంటల తరబడి ఏడిస్తే

మా క్యాలెండర్ గళ్ళలో మిగిలిపోయింది ఇదే. పట్టు సరిచేశాక పగటి ఏడుపు పోయింది, ఆరున్నర నుంచి తొమ్మిదింటి ఏడుపు మిగిలింది. ఈ తరహా ఏడుపును కోలిక్ అంటారు. 1954లో అమెరికా పిల్లల డాక్టరు మోరిస్ వెసెల్ చెప్పిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది: రోజుకు 3 గంటలకు పైగా, వారంలో 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా, ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఏడవడం. మొదటి రెండు మూడు వారాల్లో మొదలై, ఆరో వారం దగ్గర పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. కారణం ఒక్కటని ఎవరూ తేల్చలేదు. అన్ని గంటలు ఏడిస్తే గాలి మింగడం ఖాయం, అందుకే చివర్లో పిత్తులు వస్తాయి. మనం దాన్ని చూసి "గ్యాస్ పోయింది, పడుకుంది" అనుకుంటాం. నిజానికి ముందు వచ్చింది ఏడుపు.

దీపాలు తగ్గించి, టీవీ ఆపి, పాపను ఒంటికి ఒళ్ళు తగిలేలా ఎదకు హత్తుకుని నడవండి. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, తల మోచేతి మడత దగ్గర ఉంచి, కాళ్ళ మధ్య నుంచి పట్టుకుని నెమ్మదిగా ఊపితే కొందరు ఊరుకుంటారు. బోర్లా అంటే మీ చేతిలో, మెలకువగా ఉన్నప్పుడు మాత్రమే. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే.

మా ఆయన ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇల్లు చేరేసరికి తొమ్మిదయ్యేది. ఆ రెండున్నర గంటలు నేనూ అమ్మా వంతులవారీగా ఎత్తుకునేవాళ్ళం. ఒంటరిగా ఉన్న తల్లికి చెబుతున్నాను: ఓపిక నశించిందనిపిస్తే పాపను ఊయలలోనో చదునైన పక్క మీదో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఐదు పది నిమిషాలు బయటికి రండి. ఏడవనివ్వండి. పట్టుకుని కుదపకండి. ఒక్క క్షణం గట్టిగా కుదిపినా పసిపిల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు.

నోట్లో పోసేవి, పొట్టకు రాసేవి

డైసైక్లోమిన్ అనే కడుపునొప్పి మందు సంగతి మొదట చెప్పాలి. కోలిక్ చుక్కలని షాపులో ఇచ్చే కొన్ని సీసాల్లో, గాలి బుడగలు చిట్లించే సిమెథికోన్‌తో పాటు డైసైక్లోమిన్ కలిసి ఉంటుంది. ఆరు నెలలలోపు పిల్లలకు అది ఇవ్వకూడదు, ఊపిరి ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. మాకిచ్చిన మూడు సీసాల్లో ఒకదాంట్లో అదే ఉంది. రెండు రోజులు వేశాం. పాప మత్తుగా పడుకుంటే మందు పనిచేసిందని సంతోషించాం. డాక్టరమ్మ సీసా వెనక చిన్న అక్షరాలు చదివి వినిపించినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. షాపు నుంచి తెచ్చిన ప్రతి సీసా మీద పేరు చదవండి, ఫొటో తీసి డాక్టరుకు పంపండి.

సిమెథికోన్ ఒక్కటే ఉన్న చుక్కలు రక్తంలోకి వెళ్ళవు కాబట్టి పెద్ద హాని లేదు. కానీ మందు లేని చుక్కలతో పోల్చి చూస్తే ఏడుపు తగ్గించడంలో తేడా కనిపించలేదు. లాక్టోబాసిల్లస్ రియుటెరి అనే ప్రోబయాటిక్ (పేగులకు మేలు చేసే బాక్టీరియా) తల్లిపాల పిల్లల్లో కొంత పనిచేసినట్టు పరీక్షలున్నాయి. కావాలంటే డాక్టరును అడిగి వాడండి.

గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టింది. అప్పట్లో అందులో ఆల్కహాలు ఉండేది, ఇప్పటివాటిలో లేదు. అయినా ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వస దగ్గర పెద్దవాళ్ళకు కోపం వస్తుంది, తెలుసు. గలగలా మాట్లాడే పిల్లను "వస పోశారా" అనే ఇళ్ళు మనవి. ఇక్కడ బెంగళూరులో గ్రంథిగె అంగడిలో (మూలికల కొట్టులో) బజె అంటే ఇచ్చేది కూడా అదే. అందులోని బీటా అసరోన్ విషపదార్థం. అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో నిషేధించారు. తేనె ఏడాదిలోపు నాలుకకు రాయడం కూడా వద్దు, కండరాలు చచ్చుబడే బొటులిజం అనే జబ్బు రావచ్చు. ఆముదం తాగించడం మానండి. ఇంగువ నోట్లో వేయకండి. పొట్ట మీద ఇంగువ పట్టు వేస్తే గ్యాస్ పోతుందన్నదానికి రుజువు లేదు. అమ్మ కోరితే నేను పట్టువేయనిచ్చాను, బొడ్డు పూర్తిగా మానాక, చర్మం ఎర్రబడకుండా చూసుకుంటూ.

తల్లి పథ్యం

పప్పు తింటే, బంగాళదుంప తింటే పిల్లకు వాయువు చేస్తుందని నాకు నెల రోజులు కారప్పొడీ అన్నమే పెట్టారు. తల్లి పేగుల్లో పుట్టే గాలి పాలలోకి రాదు, పీచూ రాదు. పప్పు, ఆకుకూరలు, కావలసినన్ని నీళ్ళు బాలింతకు అవసరం. ఒక్క మినహాయింపు ఉంది. దొడ్డిలో జిగురు, రక్తపు చారలు, ఒంటి మీద ఎర్రటి దురద దద్దుర్లు, బరువు పెరగకపోవడం కనిపిస్తే ఆవుపాల ప్రొటీన్ పడకపోవచ్చు. తల్లి తాగిన పాల నుంచి అది కొంచెం చనుబాలలోకి వస్తుంది. అప్పుడు డాక్టరు చెబితే రెండు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి పూర్తిగా మాని, కాల్షియం వేరే రూపంలో తీసుకుంటూ చూడాలి. క్యాలెండర్ గళ్ళలో తేడా కనిపించకపోతే పెరుగన్నం మళ్ళీ మొదలుపెట్టండి.