పుండు మూసుకుంటే నయమైనట్టు కాదు: ఎముకలో చీము పట్టిన పిల్లల తల్లిదండ్రులకు

మా అబ్బాయికి 11వ ఏట మోకాలి కింద ఎముకలో చీము పట్టింది. ఆటలో దెబ్బ తగిలిన నాలుగో రోజున జ్వరం వచ్చింది, కాలు నేల మీద మోపలేకపోయాడు. అప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ పొరపాటు మీరు చేయకండి. ఎముకలో చీము పట్టిన మార్పు ఎక్స్‌రేలో తెలియడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. జ్వరంతో పాటు ఎముక మీద ఒకే చోట వేలు పెట్టనివ్వనంత నొప్పి ఉంటే రక్తపరీక్షలు, ఎమ్మారై గురించి ఆ రోజే అడగండి.

మాకు ఆలస్యమైంది. చీము ఒత్తిడికి రక్తం అందక ఎముకలో ఒక ముక్క చచ్చిపోయి, బతికిన ఎముక నుంచి విడిపోయింది. దాన్ని డాక్టర్లు సీక్వెస్ట్రమ్ అంటారు. రక్తం చేరని చోటికి మందు కూడా సరిగా చేరదు. అందుకే మాత్రలు వాడినన్నాళ్లూ, ఎముకలోని చీము బయటికి కారే పుండు ఎండేది, ఆపిన కొద్ది రోజులకే మళ్లీ రసి కారేది. ఎక్స్‌రేలో ఆ ముక్క ఎక్కడుందో చూపించమని అడగండి. చుట్టూ ఉన్న ఎముక కంటే తెల్లగా కనిపిస్తుంది. నేను కళ్లారా చూశాకే ఆపరేషన్ ఎందుకో అర్థమైంది.

ఇంట్లో కట్టు మార్చేటప్పుడు ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పుండును సెలైన్‌తో తుడిచి, శుభ్రమైన గాజుగుడ్డ వేసి, వదులుగా కట్టండి. పసుపు, ఆకు పసరు, బూడిద దగ్గరికి రానివ్వకండి. పెద్దవాళ్లు ఎంత ప్రేమతో తెచ్చినా సరే. రసి ఎంత వచ్చింది, రంగు, వాసన ఎలా ఉన్నాయి, జ్వరం ఎంత అన్నది రోజూ ఒక పుస్తకంలో రాయండి. రసి ఉన్నట్టుండి ఆగిపోయి, కాలు వాచి, నొప్పి పెరిగితే సంతోషించకండి. చీము లోపల నిలిచిపోతోందన్నమాట. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఒక ఉదయం గాజుగుడ్డకు నూక గింజంత గట్టి ముక్క అంటుకుని వచ్చింది. చచ్చిన ఎముక తునక అలా తనంతట తానే బయటికి రావచ్చు. దాన్ని శుభ్రమైన సీసాలో వేసి డాక్టరుకు చూపించండి. పుండులో ఇంకేదైనా కొస కనబడినా చిమటాతో లాగకండి.

మా సర్జన్ వెంటనే ఆపరేషన్ చేయకుండా కొన్ని నెలలు ఆగమన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. కారణం తర్వాత తెలిసింది. చచ్చిన ముక్క చుట్టూ శరీరం కొత్త ఎముకను తొడుగులా కట్టుకుంటుంది. అది గట్టిపడకముందే ముక్క తీస్తే కాలు విరగవచ్చు. కాబట్టి “ఎందుకు ఆలస్యం” అని కాకుండా, “కొత్త ఎముక ఎంతవరకు వచ్చింది” అని అడగండి. ఆ నెలల్లో పరుగులు, గెంతులు వద్దు. గుడ్డు, పాలు, పప్పు తగ్గనివ్వకండి.

ఆపరేషన్‌కు ముందు రెండు విషయాలు తప్పక మాట్లాడండి. లోపలి నుంచి తీసిన ఎముకను కల్చర్ పరీక్షకు, అంటే ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు, పంపుతారా? పైన కారే రసిని పరీక్షిస్తే అసలు క్రిమి దొరకకపోవచ్చు. అలాగే, పరీక్ష సరిగా తేలడానికి యాంటీబయాటిక్ ముందుగా ఆపాలా? ఈ నిర్ణయం డాక్టరుదే, మీ అంతట మీరు ఆపకండి. మా వాడికి ఆపరేషన్ తర్వాత 6 వారాలు మందులు సాగాయి. నాలుగో వారానికే పుండు మానింది, అయినా ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు.

ఈ జబ్బు ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, కల్చర్ రిపోర్టు తేదీల వరుసలో ఒకే సంచిలో పెట్టి, ఎండ తగలని చోట దాచండి. ఆ కాలికి ఎప్పుడు నొప్పి వచ్చినా ఆ సంచితోనే బయలుదేరండి.